మన ఇల్లు: ఇంకా రాని ఆట కోసం



ధర్మవరం నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరంతో ఈ నెల మాటలు మొదలుపెడుతున్నాను. "అక్కా, మా పెద్దోడు హిందూపురంలో హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఇంకా అమ్మకానికే రాని ఏదో ఆట కోసం రోజులు లెక్కబెట్టుకుంటున్నాడు. ఇంటికొస్తే ఫోన్లో దాని బొమ్మలే చూస్తాడు. ఆడాలంటే యాభై వేల పైచిలుకు మిషను కావాలంట. ఇప్పుడు మగ్గం మీదున్న చీర దిగితే ఆ డబ్బుతో మిషను కొనిపెట్టమని, ఆటకు కూడా ముందుగానే డబ్బు కట్టేస్తానని వాళ్ళ నాయన్ని సతాయిస్తున్నాడు. ఆటకు ఎక్సోడస్ అని బైబిలు పేరు పెట్టినారంట. ఇది మంచిదా, పాపమా, మీరే చెప్పాల."

తెలియని సంగతిని మంచిదనీ అనకూడదు, చెడ్డదనీ అనకూడదు. కాబట్టి ఒక శనివారం సాయంత్రం ఆ అబ్బాయితో కలిసి హిందూపురంలో ధర్మవరం వైపు పోయే రైలెక్కాను. "నీ ఆట సంగతి నాకు చెప్పు నాయనా, నాకేమీ తెలియదు" అన్నాను. అంతవరకు తల వంచుకొని కూర్చున్న పిల్లవాడు తల ఎత్తాడు. ఇన్నాళ్ళుగా ఎవరూ అతణ్ణి ఆ మాట అడగలేదట!

అతడు చెప్పినది ఇది. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఆర్కిటైప్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే సంస్థ ఈ ఆటను తయారు చేస్తున్నది. 2007లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ అనే పేరుపొందిన అంతరిక్ష కథా క్రీడకు పనిచేసినవారు కొందరు ఈ సంస్థలో ఉన్నారు. 2023 డిసెంబరులో ఈ ఆటను మొదటిసారి లోకానికి చూపించారు. 2027 మొదట్లో విడుదల చేస్తామని 2025 డిసెంబరులో ప్రకటించారు. తుపాకితో కాల్చడం ఉన్నది. కాని అంతటితో అయిపోదు. మన సంఘంలో క్రిస్మసు నాటకానికి గొల్లవాని వేషం కట్టినట్టు, ఆడేవాడు కథానాయకుని వేషంలోకి పోయి, ఎవరిని కాపాడాలో, ఎవరిని విడిచిపెట్టాలో తానే నిర్ణయించాలి. ఆ నిర్ణయాన్ని బట్టి కథ మారుతుంది.

కథ ఏమిటంటే, భూమి బ్రతకడానికి పనికిరాకుండా పోతే మనుష్యులు ఓడలెక్కి దూరపు నక్షత్రాలకు బయలుదేరుతారు. కథ జరిగేది వేల సంవత్సరాల తరువాత. అందుకే ఎక్సోడస్ అని పేరు. ఈ మాట గ్రీకు భాషది, బయటికి వెళ్ళడం అని అర్థం. మన తెలుగు బైబిలులో నిర్గమకాండము అన్నా అదే అర్థం.

"అయితే అసలు సంగతి అది కాదక్కా" అన్నాడు. "అందులో హీరో ఓడెక్కి చానా వేగంగా పోతాడు. తనకు కొన్ని దినాలే గడుస్తాయి. తిరిగొచ్చేసరికి ఇంటికాడ ఏండ్లకేండ్లు అయిపోయింటాయి. వదిలిపోయినవాళ్ళు ముసలోళ్ళయి ఉంటారు, లేకపోతే ఉండనే ఉండరు."

ఇది కల్పించిన వింత కాదు. ఐన్‌స్టీన్ అనే శాస్త్రవేత్త 1905లో చెప్పిన సంగతే. వేగం పెరిగేకొద్దీ కాలం నెమ్మదిస్తుంది. వెలుతురు వేగంలో 99.5 శాతం వేగంతో పోయే ఓడ ఉంటే, దానిలో ఒక ఏడాది గడిచేటప్పటికి ఇంటి దగ్గర పదేండ్లు గడుస్తాయి. 1971లో అత్యంత సూక్ష్మమైన గడియారాలను విమానాలలో భూమి చుట్టూ త్రిప్పి చూస్తే, క్రింద ఉన్న గడియారాలకూ వాటికీ సెకనులో వంద కోట్లవ వంతులలో లెక్కించేంత చిన్న తేడా నిజంగానే కనబడింది.

ఇంతలో పెనుకొండ వచ్చింది. కొండ మీద కోట గోడలు కనబడుతున్నాయి. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయిన తరువాత విజయనగరపు రాజకుటుంబం హంపీని విడిచి ఇక్కడికే వచ్చి రాజధాని పెట్టుకున్నది. అదీ ఒక నిర్గమనమే. విడిచివచ్చిన హంపీ మాత్రం మరల వెనుకటి హంపీ కాలేదు. ఆ మాట చెబితే పిల్లవాడు కిటికీలో నుండి కొండ వైపు చాలాసేపు చూశాడు. ఈ దారిలో వందసార్లు పోయినవాడు ఆ కోటను ఆ కన్నుతో ఎన్నడూ చూడలేదన్నాడు.

ధర్మవరంలో వాళ్ళ ఇల్లు రెండు గదులు. ఒక గదిలో మగ్గం, రెండో గదిలో మనుష్యులు. వాకిట్లో మంచం మీద అవ్వ. ఆమెకు చూపు ఆనదు. ఈ మనుమడే చిన్నప్పటి నుండి ప్రతి రాత్రి ఆమెకు ఒక అధ్యాయం చదివి వినిపించేవాడు. కొన్ని నెలలుగా ఇంటికొచ్చినా ఆ చదువు లేదు. ఈ సంగతి తల్లి ఉత్తరంలో వ్రాయలేదు. డబ్బు సంగతి మాత్రమే వ్రాసింది.

భోజనాలైన తరువాత, రైలులో చెప్పిన కథను ఇంటివాళ్ళందరికీ చెప్పమన్నాను. బిడియపడుతూనే మొదలుపెట్టి, చివరికి చేతులు ఆడిస్తూ చెప్పాడు. అందరూ విన్నారు. అవ్వ మంచం మీద నుండి అడిగింది: "అయితే ఆ పిల్లోడు తిరిగొచ్చే యాళకు వాళ్ళవ్వ ఉంటాదా, నాయనా?"

పిల్లవాడు జవాబు చెప్పలేదు. అవ్వ ఏ దెప్పిపొడుపూ లేకుండా, కథ మీద ఆసక్తితోనే అడిగింది. అయినా ఆ ఇంట్లో ఎవరికి తగలవలసినది వారికి తగిలింది.

తల్లిదండ్రులారా, ఈ అబ్బాయి ఏ తప్పు చేశాడు? తాగలేదు, జూదమాడలేదు. ఒక మంచి కథ కోసం ఎదురుచూశాడు. ఎదురుచూడడం తెలియనివాడికి నిరీక్షణ అంటే ఏమిటో మనమెట్లా బోధిస్తాము? అయితే ఎదురుచూపు రెండు రకాలు. రాబోయేదాని కోసం ఈ దినాన్ని చక్కగా జరుపుకోవడం ఒకటి. రాబోయేది వచ్చేదాకా ఈ దినాన్ని లేనట్టే త్రోసివేయడం రెండవది. రెండవ రకంలో ఉన్నవాడు ఇంట్లో కూర్చొనే ఆ వేగపు ఓడ ఎక్కినవాడు. తనకు నాలుగు దినాలే గడిచినట్టుంటుంది, ప్రక్క మంచం మీద అవ్వకు మాత్రం ఏండ్లు గడుస్తాయి.

ఇశ్రాయేలీయులు అరణ్యంలో నలువది సంవత్సరాలు ఎదురుచూశారు. ఐగుప్తు నుండి పెద్దవారుగా బయలుదేరినవారిలో యెహోషువ, కాలేబు తప్ప ఎవరూ ఆ దేశములో ప్రవేశించలేదు. అయినా ఆ నలువది ఏండ్లూ వట్టి ఎదురుచూపు కాదు. మన్నా ఏ దినానిది ఆ దినమే ఏరుకోవలసి వచ్చింది. విశ్రాంతి దినానికి తప్ప, రేపటికని దాచినది పురుగుపట్టింది. రేపటి దేశం రేపటిది, నేటి ఆహారం నేటిది. నిర్గమకాండము మన పిల్లలకు నేర్పే పాఠాలలో ఇదొకటి.

ఇక డబ్బు సంగతి. ఆటకు ముందుగా డబ్బు కట్టడం గురించి నేను మాట్లాడవలసిన పని లేకుండా తండ్రే మగ్గం గుంటలో నుండి లేచి వచ్చి అన్నాడు: "మా చీర కొనేవాళ్ళు మడతలన్నీ విప్పి, కొంగు చూసి, జరీ వెలుతురుకు పెట్టి చూసినాకనే డబ్బులిస్తారు. నువ్వు మగ్గమెక్కని చీరకు డబ్బు కడతానంటాండావే!"

దీనికి లోకంలో జరిగిన సాక్ష్యమున్నది. పోలండు దేశపు సీడీ ప్రాజెక్ట్ అనే సంస్థ సైబర్‌పంక్ 2077 అనే ఆటను 2012లో ప్రకటించింది. అదీ భవిష్యత్ కాలపు కథే, తుపాకి పట్టి వేషం కట్టే ఆటే. మొదట 2020 ఏప్రిల్ అన్నారు, తరువాత సెప్టెంబరు, నవంబరు, చివరికి డిసెంబరు 10న విడుదల చేశారు. అప్పటికే 80 లక్షల మంది ముందుగా కొనిపెట్టుకున్నారు. తీరా చూస్తే పాత మిషన్లలో అది ఆగిపోవడం, బొమ్మలు చెదరిపోవడం. వారం తిరిగేసరికి సోనీ వారు దానిని తమ అంగడి నుండి తీసివేసి డబ్బు వాపసు ఇస్తామన్నారు. 2021 జనవరిలో సంస్థ పెద్దలే క్షమాపణ చెప్పుకున్నారు. ఆ పనివారు అంతటితో చేతులు దులుపుకోలేదు. ఏండ్ల తరబడి బాగుచేసి, 2023 సెప్టెంబరులో కొత్త రూపంలో ఇచ్చారు. ఇప్పుడు దానికి మంచి పేరే ఉన్నది. ఎగబడి మొదటి దినం కొన్నవాడు ఎక్కువ వెల పెట్టి చెడిపోయినది తీసుకున్నాడు. ఆగినవాడు తక్కువ వెలకు బాగుపడినది తీసుకున్నాడు. ఆ అబ్బాయికి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. తనకు వర్తిస్తుందని మాత్రం తోచలేదు.

ఇట్లాంటి పిల్లలున్న ఇండ్లకు నాలుగు మాటలు చెబుతాను. మొదటిది, తిట్టేముందు ఒకసారి కూర్చొని ఆ కథ ఏమిటో అడగండి. రెండవది, ఆట మీద వయస్సు అంకె వేసి ఉంటుంది, దానిని చూడండి. సైబర్‌పంక్ పదునెనిమిదేండ్లు నిండినవారికి మాత్రమే అని ముద్రించిన ఆట. దానిని పదేండ్ల తమ్ముని ముందు ఆడకూడదు. మూడవది, ఆట వచ్చిన వెంటనే కొనవద్దు. కొన్ని నెలలు ఆగి, కొన్నవారి మాట విని, సొంత సంపాదనలో నుండి కొనమనండి. అప్పు చేసి ఏ ఆటా వద్దు. నాలుగవది, డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైను ఆటలు వేరు, కథా క్రీడలు వేరు. డబ్బు ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది. మన ఇండ్లలో రెండింటినీ ఒకే గాట కట్టి తిడితే, పిల్లలు మన మాటను అసలైన ప్రమాదం విషయంలో కూడా వినరు.

ఆ రాత్రి ఆ ఇంట్లో కుదిరిన ఒప్పందం చెప్పి ముగిస్తాను. ఇప్పుడున్న చీర డబ్బు ఇంటి ఖర్చుకే. ముందుగా కట్టేది లేదు. పాలిటెక్నిక్ ముగిసి పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలోనో, మరెక్కడో పని దొరికితే, తన జీతంలో నుండి అతడే మిషను కొనుక్కోవచ్చు. తండ్రి అడ్డు చెప్పడు. అప్పటికి ఆటలో లోపాలేమైనా ఉంటే సరిదిద్ది ఉంటారని పిల్లవాడే అన్నాడు.

మంచం దగ్గర లాంతరు వెలుతురులో అతడు బైబిలు తెరిచి, "ఎక్కడ నిలిపినామవ్వా?" అని అడిగాడు. అతనికి గుర్తులేదు. అవ్వకు గుర్తున్నది. అధ్యాయము, వచనముతో సహా చెప్పింది.

ప్రభువు చిత్తమైతే వచ్చే నెల మరల కలుసుకుందాము.