విరిస్తే గానీ తెలియని రంగు

పసుపు ఉడికే రోజుల్లో దొంకేశ్వర్ దారిన పోతే ఆవిరి వాసనే ముందు పలకరిస్తుంది. అక్కడ కళ్లంలో ఒక పెద్దాయన చేతిలోంచి గంప జారిందనుకోండి. మూతి పక్కకు పోయింది, మాట తడబడింది. మంచం వాల్చి పడుకోబెడతారు. పావుగంటలో చెయ్యి లేస్తుంది, మాట సర్దుకుంటుంది. ‘ఏం కాలే, ఎండ తలిగింది’ అంటూ ఆయనే లేచి పనిలో పడతాడు.

వచ్చిపోయిన ఆ పావుగంటే మినీ స్ట్రోక్ కావచ్చు. మెదడుకు నెత్తురు మోసే మెడ నాళంలో కొవ్వు గార కడుతుంది. అందులోంచి చిన్న పెచ్చు ఊడి పైకి పోయినా ఇలా అవుతుంది. మళ్లీ వచ్చే ముప్పు మొదటి రెండు వారాల్లోనే ఎక్కువ. సరిగ్గా మనం ‘పసుపు యార్డుకు తోలినంక చూపిద్దాం’ అనుకునే రోజులవి.

ఎవరికి తిరగబెడుతుంది? చాలాకాలం నాళం ఎంత శాతం ఇరుకైందో కొలిచి చెప్పేవారు. ఉత్తర అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 1991లో వచ్చాయి. లక్షణాలు కనబడి, ఇరుకు 70 శాతం దాటినవారిలో మందుల మీదే ఉన్న నూటికి 26 మందికి రెండేళ్లలో అదే వైపు స్ట్రోక్ వచ్చింది. ఆపరేషన్‌తో గార తీయించుకున్నవారిలో 9 మందికే. పెద్ద తేడానే. కానీ నా మనసు మిగిలిన 74 మంది మీదికి పోతుంది. అంతే ఇరుకు ఉండీ, కత్తి పడకుండానే వాళ్లు తప్పించుకున్నారు కదా!

అంటే ఇరుకు ఒక్కటే చూస్తే చాలదు. నిజామాబాద్ యార్డులో వ్యాపారి పసుపు కొమ్మును పుటుక్కున విరిచి లోపలి రంగు చూస్తాడు, పైపై పాలిష్‌ను నమ్మడు. మెడ నాళాన్ని విరవలేం గనక డాక్టర్లు ఎమ్మారైతో చూస్తున్నారు. గార లోపల నెత్తురు చిమ్మి ఉంటే ఇరుకు తక్కువైనా భయమే. వయసు, షుగరు, దెబ్బ కంటికా చేతికా, ఎన్ని రోజులైంది అన్నవి కలిపి ముప్పు లెక్కగట్టే పద్ధతులూ వచ్చాయి. అలా ముప్పు తక్కువని తేలినవారికి గట్టి మందులిస్తే, రెండేళ్లలో ఆపరేషన్‌ వల్ల అదనపు మేలేమీ కనబడలేదని 2025లో మరో పరిశోధన చెప్పింది.

అన్నట్టు, హైదరాబాద్ నిమ్స్‌లో చూసిన రోగుల్లో మెడ కంటే తల లోపలి నాళాల్లోనే ఇరుకు ఎక్కువగా కనబడింది. పరాయి దేశపు లెక్క మనకు అచ్చంగా అతకదు.

ఏ లెక్కకైనా డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఎన్నింటికి మొదలైంది, ఎంతసేపుంది? గడియారం ఎవరూ చూసి ఉండరు. ‘రెండో వాయి దించేటప్పుడు పడ్డడు, మూడోది ఎక్కించేసరికి లేచిండు’ అని ఇంటావిడ చెప్పినా డాక్టర్ రాసుకుంటాడు.