ముడుతలును సమ్మతిపత్రమును

మా యొద్దకు జనులు క్రయపత్రములు తెత్తురు, వీలునామాలు తెత్తురు, అద్దె ఒడంబడికలు తెత్తురు. గడచిన మాసమున ఒక సోదరి తెచ్చిన కాగితమువంటిది మాత్రము మేము ఇన్నేండ్ల వృత్తిలో ఎన్నడును చదివియుండలేదు. ఆమె బెజవాడలో ఒక బట్టల దుకాణమున పట్టుచీరల విభాగములో 18 ఏండ్లుగా పనిచేయుచున్నది. వయస్సు 49. ఆ కాగితము సౌందర్య శస్త్రచికిత్సకు చేవ్రాలు చేయవలసిన సమ్మతిపత్రము. కనురెప్పలపై వ్రేలాడు చర్మమును కోసి తీయుట, చెంపలను మెడను బిగించుట, రెండును ఒక్కనాడే. "చదివి చెప్పండి లాయరుగారూ, ఇందులో నాకు నష్టము కలిగించునది ఏమైన వ్రాసినారా?" అని ఆమె అడిగినది.

చేయించుకొనవలెనా, మానవలెనా యని ఆమె యడుగలేదు. అది నిశ్చయమైపోయినట్లే మాటలాడినది. మేమే యడిగితిమి. అంతట అసలు సంగతి బయటపడినది. దసరాకు ముందు ఆమెను పెండ్లి చీరల కౌంటరునుండి గిడ్డంగి లెక్కలకు మార్చిరి. జీతము తగ్గింపలేదు, అమ్మకముపై వచ్చు కమీషను మాత్రము పోయినది. కారణము కాగితముమీద లేదు. "ముఖము కాస్త అలసినట్లున్నదమ్మా, వెనుక కూర్చుంటే మీకే సుఖము" అని మేనేజరు నవ్వుచు అనెనట. ఆ మాట విన్న మూడవనాడే ఆమె చికిత్సాలయపు మెట్లెక్కినది. పుట్టింటివారు పెట్టిన గొలుసును కుదువబెట్టి, మిగిలిన సొమ్మును నెలవారీ వాయిదాలలో చెల్లించుటకు మాట యిచ్చివచ్చినది. ఆమె యనుమతితోనే, పేరు విడిచి, ఈ సంగతిని వ్రాయుచున్నాము.

మేము అలంకారమునకు శత్రువులము కాము. కాటుక పెట్టుకొనుటయు, గోరింట పెట్టుకొనుటయు తప్పుగానివారికి కత్తిని చూచినంతనే ధర్మశాస్త్రము జ్ఞప్తికి వచ్చుట వింత. ధనము కలిగి, ఆరోగ్యము కలిగి, తెలిసి తెలిసి తమ తృప్తికొరకు ముఖమును బిగించుకొనువారిని నిందించుటకు మాకు అధికారము లేదు. కాని ఒక్కమాట. మా తల నెరసి నాలుగైదేండ్లయినది. మా వృత్తిలో నెరసిన తలకు ఫీజు పెరుగును. క్రొత్త కక్షిదారుడు దానిని చూచియే కుర్చీ లాగుకొని కూర్చుండును. అదే కాలము ఆ సోదరి ముఖముమీదుగా నడచినందులకు ఆమె కమీషను పోయినది. చీర పోగు చూచి నేతను చెప్పగల నేర్పు ఆమెకు ఈ 18 ఏండ్లలో వచ్చినదే గదా! ఆ నేర్పునకు దుకాణమున వెల లేకపోయినది.

ముఖమును సరిచేయు శస్త్రవిద్య మనకు క్రొత్తది కాదు. తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో మరల నిర్మించు విధానమును సుశ్రుతసంహిత వర్ణించుచున్నది. 1792లో టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధమున ముక్కు కోయబడిన కవాస్జీ యను బండితోలువానికి పూనా ప్రాంతమున ఒక దేశీయుడు నొసటి చర్మముతో క్రొత్త ముక్కు చేసెను. ఆ వృత్తాంతము 1794లో లండనునందలి జెంటిల్మన్స్ మ్యాగజైనులో అచ్చుపడెను. కార్పూ యను ఆంగ్లవైద్యుడు 1814లో ఆ పద్ధతినే తన దేశమున చేసి చూపెను. మొదటి ప్రపంచయుద్ధమున దవడలు, పెదవులు పోగొట్టుకొన్న సైనికులకు సిడ్‌కప్ ఆసుపత్రిలో 1917 మొదలు హెరాల్డు గిల్లీసు ముఖములను తిరిగి కట్టెను. ఇవి యన్నియు గాయము కొనిపోయినదానిని తెచ్చియిచ్చిన పనులు. వయస్సు కొనిపోయినదానిని తెచ్చియిచ్చుట అట్టిదేనా?

కాదని మన చట్టము. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు వైద్యసేవలకు మినహాయింపు నిచ్చిరి. పుట్టుకతో వచ్చిన లోపమునుగాని, ఎదుగుదలలోని వికృతినిగాని, గాయమునుగాని సరిచేయునది తప్ప తక్కిన సౌందర్య శస్త్రచికిత్సకు ఆ మినహాయింపు లేదు. ఆరోగ్య బీమా కంపెనీలును సామాన్యముగా ఇట్టి గీతనే గీయును. కావున వ్యయమంతయు ఆ గొలుసుమీదనే పడును.

ఆ వ్యయమునకు వచ్చునదేమి? వయస్సుతో చర్మములోని కొల్లాజెను తరుగును. బుగ్గలలోని కొవ్వు క్రిందికి జారును. ముఖపు టెముకలు సయితము అరుగును. కత్తి బిగింపగలిగినది చర్మమును, దానిక్రింది పొరను మాత్రమే. అరుగుదల ఆగదు గనుక బిగించిన ముఖమును కొన్ని యేండ్లకు మరల జారును. కత్తి వలదని సూదికి పోవువారున్నారు. ముడుతల కండరములను సడలించు బొటాక్సు ప్రభావము 3, 4 మాసములకు తగ్గిపోవును. అది ఒక్కసారి పెట్టుబడి కాదు, చందా. చర్మముక్రింద నింపు ద్రవ్యము రక్తనాళమున చొచ్చినయెడల చూపు పోవుటయు, అరుదుగనే యైనను, జరిగియున్నది. ముఖము బిగించు చికిత్సలో ముఖ్యమైన ప్రమాదము చర్మముక్రింద రక్తము చేరి గడ్డకట్టుట. ముఖనాడి దెబ్బతిని పెదవి వంకరపోవుటయు కలదు. రక్తపుపోటు మొదటి ప్రమాదమును హెచ్చించును. ఆ సోదరి రెండేండ్లుగా రక్తపుపోటుకు మాత్రలు మ్రింగుచున్నది. ఈ ముక్క ఆమెకు ఎవరును చెప్పలేదట! పత్రములో ఉన్నది, మూడవ పుటలో, సన్న యక్షరములలో, ఇంగ్లీషున. ఆమె చదువుకొన్నది తెలుగున.

ఇచ్చట వకీలుగా కొంత చెప్పక తప్పదు. 2008లో సమీరా కోహ్లీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు సమ్మతి యననేమో తేల్చియున్నది. చికిత్స యెట్టిదో, దాని లాభమేమో, ముఖ్యమైన అపాయములేవో, మారుమార్గములేవో రోగికి తెలియజెప్పవలెను. ఒక చికిత్సకిచ్చిన సమ్మతి, ప్రాణాపాయమైననే తప్ప, వేరొక చికిత్సకు చెల్లదు. "వైద్యునకు ఉచితమని తోచిన అదనపు చికిత్సలకును సమ్మతించుచున్నాను" అను వాక్యము ఆ పత్రమున అచ్చువేసియే యున్నది. దానిని కొట్టివేయుమంటిమి. ఎవరు కోయుదురని యడిగితిమి, ఆమెకు తెలియదు. ఇట్టి చికిత్సలను తగిన శిక్షణ పొందిన వైద్యుడే చేయవలెననియు, యూట్యూబు చూచి నేర్చినది శిక్షణ కాదనియు జాతీయ వైద్యసంఘము 2022లో చెప్పవలసివచ్చినది. చెప్పవలసివచ్చిన దనుటలోనే బజారు స్థితి పాఠకులకు తెలియుచున్నది.

"న్యాయము వచ్చులోపల మా అమ్మాయి చదువు ఆగిపోవును గదా, లాయరుగారూ" అని ఆమె యనెను. ఆ మాటకు మా దగ్గర సిద్ధముగా ప్రత్యుత్తరము లేదు. ప్రయివేటు దుకాణములో వయస్సు చూచి వెనుకకు నెట్టుటను సూటిగా నిషేధించు సామాన్య శాసనము మనకు లేదు. 1981 నాటి నర్గేష్ మీర్జా వ్యాజ్యమును ఎరిగినవారికి సంగతి తెలియును. ఎయిరిండియా విమానములలో పురుష సేవకులకు 58 ఏండ్లవరకు కొలువు; స్త్రీలకు 35. మొదటి గర్భముతో కొలువు తీయు నియమమును కోర్టు కొట్టివేసెను గాని, ఆ వయోభేదమును వివక్ష యనలేదు. అట్టి చోట "పోరాడుము" అని సులభముగా ననుట మావంటి కడుపు నిండినవారికే చెల్లును.

ఐనను ఒకటి యడిగితిమి. ఈ కత్తి పడినతరువాత కౌంటరు తిరిగి యిత్తుమని ఎవరైన మాట యిచ్చినారా? ఆమె కొంతసేపు మాటలాడలేదు. ఎవరును ఇయ్యలేదు. పోయి మేనేజరును అడిగి రమ్మంటిమి. మరునాడు వచ్చినది. "నేనెప్పుడన్నాను మిమ్మల్ని ముఖము మార్చుకొమ్మని?" అని అతడు ఆశ్చర్యపడెనట.

మా యభిప్రాయము అప్పటికి స్థిరపడినది. గొలుసు ఆమెది, రక్తము ఆమెది, మూడు వారముల వాపు ఆమెది. కోరిక మాత్రము దుకాణముది, ఆ దుకాణమైనను ఆ కోరికను తనదని ఒప్పుకొనదు. ఎదుటివాడు ఒప్పుకొనని బేరమునకు బయానా చెల్లింపవలదని ఏ కక్షిదారునకైనను చెప్పుదుము. ఆమెకును అదే చెప్పితిమి. అద్దములో చూచికొని తనకే కావలెనని తోచినయెడల, అప్పు లేకుండ, తొందర లేకుండ, వైద్యుని పేరు తెలిసి, మరియొక యేడు చేయించుకొనవచ్చును. 50 ఏండ్లు దాటినంతమాత్రమున ఆ తలుపు మూసుకొనదు.

కనురెప్పల సంగతి వేరుగా నిలిచినది. చీర అంచున దారపు లెక్క చూచునప్పుడు నొసలు పైకెత్తవలసివచ్చుచున్నదని ఆమె మాటలమధ్య అన్నది. రెప్పపై చర్మము కంటికి అడ్డుపడినయెడల అది సొగసు ప్రశ్న కాదు, చూపు ప్రశ్న. కంటివైద్యుని చూపించుకొనుమంటిమి. పై చూపు తగ్గినదని పరీక్షలో తేలినది. రక్తపుపోటు కుదుటపడినతరువాత ఆ యొక్క చికిత్స చేయుదుమని ఆయన చెప్పెను. ఆ సమ్మతిపత్రమును తెలుగున వ్రాసియిచ్చెను.

చికిత్సాలయమువారు బయానాలో సగమును పట్టుకొనియున్నారు. దానికి నోటీసు పంపితిమి. కౌంటరునుండి మార్చుటకు కారణమును లిఖితపూర్వకముగా తెలుపుమని ఆమె దుకాణదారునకు తన చేవ్రాలుతో జాబు వ్రాసినది. ఆమెతోపాటు మరి నలుగురు సేల్సు స్త్రీలు ఆ జాబుక్రింద చేవ్రాళ్లు చేసిరి. అందొకతెకు 30 ఏండ్లు నిండలేదు. ప్రత్యుత్తరము ఇంకను రాలేదు.