పసరు మందుకు ముందు ఒక్క రక్త పరీక్ష

కళ్ళు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో వస్తే మన ఊళ్ళలో మొదట వినిపించే మాట "పసరు పోయించండి" అని. ఆసుపత్రి ఆ తర్వాతే. కొందరు పసరు తాగుతారు, కొందరు ముక్కులో వేయించుకుంటారు, కొందరు చేతికి వాతలు పెట్టించుకుంటారు. అలా చేసి వచ్చిన వారిని మేము చిన్నచూపు చూడము. కాని మా అభిప్రాయం స్పష్టంగా చెప్పడం మా బాధ్యత. పసరు సంగతి తర్వాత, ముందు రక్త పరీక్ష.

"మా పక్కింటాయనకు పసరుతోనే తగ్గింది కదమ్మా" అని చాలామంది మమ్మల్ని అడుగుతారు. తగ్గిన మాట నిజమే. అయితే కామెర్లు ఒక జబ్బు పేరు కాదు, లోపలి జబ్బుకు బయట కనిపించే గుర్తు. కలుషితమైన నీరు, ఆహారం వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు తాగినా, తాగకపోయినా తగ్గేవే. పేరు మాత్రం పసరుకు వస్తుంది.

హెపటైటిస్ బి, సి సంగతి వేరు. ఇవి ముఖ్యంగా రక్తం ద్వారా వస్తాయి. బి వైరస్ తల్లి నుండి బిడ్డకు, లైంగిక సంబంధం ద్వారా కూడా సోకుతుంది. కళ్ళ పచ్చదనం పోయినా వైరస్ లోపల ఉండిపోవచ్చు. ఏళ్ళ తరబడి ఏ బాధా తెలియనివ్వకుండా కాలేయాన్ని గట్టిపరచి, చివరకు క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. "పచ్చ దిగిపోయింది, ఇక భయం లేదు" అని ఇంటికి పంపితే ఆ రోగి మళ్ళీ పరీక్షకు రాడు. మా భయమంతా ఇదే.

నాటు మందులను డాక్టర్లు అసలు పట్టించుకోలేదనడం సరికాదు. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి అందుకున్న డాక్టర్ బరూచ్ బ్లంబర్గ్, మద్రాసు శాస్త్రజ్ఞులతో కలిసి మన నేల ఉసిరిని పరీక్షించారు. 1988లో వెలువడిన ఫలితాల ప్రకారం నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు కనిపించలేదు. అందరికీ ఆశ కలిగింది. కాని తర్వాత థాయిలాండ్, న్యూజిలాండ్ దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. పరీక్షకు నిలిస్తే ఆకు మందునైనా మేము సంతోషంగా ఇస్తాము. నిలవని దాని మీద ప్రాణం పెట్టవద్దంటున్నాము.

"ఆకు మందే కదా, మేలు చేయకపోయినా కీడు చేయదు" అనే మాట కూడా నిజం కాదు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు తెలియజేశారు.

ఈనాడు హెపటైటిస్ సి చాలామందికి సుమారు 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. హెపటైటిస్ బిని మాత్రలతో అదుపులో ఉంచవచ్చు. 2018లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద ఈ రెండింటికీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. బిడ్డ పుట్టిన 24 గంటల లోపు హెపటైటిస్ బి టీకా వేయించడం మరవకండి.

గర్భిణీ స్త్రీకి కామెర్లు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. నెలలు నిండేటప్పుడు హెపటైటిస్ ఇ తల్లి ప్రాణానికే ముప్పు తెస్తుంది. రోగి మత్తుగా ఉన్నా, మాట తడబడినా, రక్తం పడినా, కడుపు ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పథ్యం పేరుతో ఉప్పు, పప్పు, గుడ్డు అన్నీ మానిపించి రోగిని నీరసింపజేయకండి.

చివరిగా ఒక మనవి. ఇప్పటికే ఏదైనా పసరు వాడి ఉంటే దాచకుండా మాకు చెప్పండి. మేము కోప్పడము. అది తెలిస్తేనే మీకు సరైన వైద్యం చేయగలము.