పదును తెలియని తెలుగు ఎవరి తెలుగు?

“వాన పడింది గానీ పదును కాలేదప్పా. మడక కట్టేకి లేదు.”

కళ్యాణదుర్గం దిక్కున ఒక ఊరిలో, ఎర్ర చేని గట్టు మీద కూర్చుని ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది. పదేళ్ల కిందటి సంగతి. డిగ్రీ పట్టా సంచిలో పెట్టుకుని కొత్తగా విలేకరి పనిలో చేరిన రోజులు. జూలై సగం దాటిపోయింది. చెనిక్కాయ విత్తనం ఇంకా ఇంట్లో మూటల్లోనే ఉంది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పంపినాను. తెల్లారి పేపరు తెరిస్తే ఇట్లా ఉంది: వర్షం కురిసినప్పటికీ నాగళ్లకు పదును లేకపోవడంతో రైతులు దుక్కులు ప్రారంభించలేదు!

నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ పెద్దాయన మాత్రం నవ్వలేదు. వారం తర్వాత బస్టాండులో కనపడి, “ఏమప్పా, నా మడక మొద్దుబారిందని రాసినావంట గదా?” అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నా కాపీ దిద్దిన అన్న చెడ్డవాడేమీ కాదు. కాలువ కింద పుట్టి పెరిగినవాడు. ఆయనకు పదును అంటే కత్తికి ఉండేది, కొడవలికి పెట్టించేది. మనకు పదును అంటే నేలకు వచ్చేది. వాన పడినాక తేమ లోపలికి దిగాలి. మన్ను గుప్పిట్లో పట్టి నొక్కితే ఉండ కట్టాలి, వదిలితే విరగాలి. అప్పుడు మడక దిగుతుంది, గొర్రు సాగుతుంది, వేసిన గింజ మొలుస్తుంది. తేమ అంటే ఇది కాదు. తడి అన్నా ఇది కాదు. అదును కాలానిది, పదును నేలది. రెండూ ఒకే వారంలో కలిసి వస్తే పంట. కలవకపోతే బెంగళూరు బస్సు. ఇంత బతుకు ఆ మూడక్షరాల్లో ఉంది.

ఇప్పుడు ఆఫీసు భాషకు రండి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లు పడితే అది ‘వర్షపు రోజు’. ఆ మాత్రం వానకు ఎర్ర నేలలో దుమ్ము అణుగుతుంది, అంతే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ కురిసే ఈ పీఠభూమిలో ఆ కాస్తా ఎట్లా కురిసింది, ఎప్పుడు కురిసింది అన్నదే ప్రాణం. రిజిస్టరులో వాన పడింది, పడలేదు అనే రెండు మాటలే ఉన్నాయి. మూడో మాట మన రైతు నోట్లో ఉంది. దాన్ని రాసుకునే గడి ఏ ఫారంలోనూ నాకు కనపడలేదు. నా వార్తను దిద్దిన ఎర్ర పెన్నూ, ఆ ఫారం తయారు చేసిన చెయ్యీ రెండూ ఒకే తెలుగు బడిలో చదువుకున్నాయి. ఆ బడి ఎవరిది అన్నదే నా గొడవ.

మనం మాట్లాడితే ‘యాస’ అంటారు. ఆ మాటలోనే తీర్పు ఉంది. సరైన తెలుగు ఒకటి ఎక్కడో పెట్టెలో భద్రంగా ఉందనీ, సీమవాడు దాన్ని వంకరగా పలుకుతున్నాడనీ దాని అర్థం. భాషాశాస్త్రం చదివిన ఏ పండితుణ్నైనా అడగండి, ఈ లెక్క ఒప్పుకోడు. ‘వచ్చినాడు’ అంటే మొరటు అంటారు. పాత తెలుగు తీసి చూడండి, అక్కడుండేది ‘వచ్చినాఁడు’. కోస్తాలో మధ్యలో ఉన్న ‘నా’ కరిగిపోయి ‘వచ్చాడు’ అయింది. అరిగిన రూపం వాళ్లది, నిలిచిన రూపం మనదీ తెలంగాణదీ. అరిగినంత మాత్రాన తప్పు కాదు, ఆ మాట కూడా ఒప్పుకుందాం. భాషలన్నీ అరుగుతాయి. మన ‘వస్తా ఉండాడు’ అరిగి ‘వస్తాండాడు’ కాలేదా? వాళ్ల ‘వస్తున్నాడు’ కూడా అదే ఇటుకలతో కట్టిన ఇల్లే. జరిగే పనిని చెప్పే రూపానికి ‘ఉండు’ అనే ధాతువును అతికించడం ఇద్దరూ చేసే పనే. ఒక ఇంటికి సున్నం వేసి భాష అన్నారు, ఇంకో ఇంటిని గుడిసె అన్నారు.

ఇంకొకటి చూడండి. కోస్తావాళ్లు ‘చేయడానికి’ అంటారు. మన జిల్లాలో ‘చేసేకి’ అంటాం. తినేకి, పొయ్యేకి, చూసేకి, మడక కట్టేకి. ‘చేసే’ అనే రూపానికి నేరుగా ‘కి’ చేరుతుంది. ఏ క్రియ ఇచ్చినా ఇదే పద్ధతి, ఎక్కడా గాడి తప్పదు. బడి ముఖం చూడని మూడేళ్ల పిల్లోడు కూడా ‘తిన్నకి’ అనడు, ‘తినేకి’ అనే అంటాడు. వ్యాకరణం అంటే ఇదే గదా! పుస్తకం రాకముందే మనిషి తలలో ఉండే కట్టుబాటు. ఆ కట్టుబాటుతో బడికి పోయిన పిల్లోడికి మొదటిరోజే నీకు తెలుగు రాదని చెబుతారు. ఆరో తరగతిలో నేను ‘మా ఊర్లో చెరువు ఉండాది’ అని రాస్తే ‘ఉండాది’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టినారు. చెరువులో నీళ్లు లేవు, అది వేరే సంగతి. ‘ఉండు’ ధాతువును ఉన్నదున్నట్టు నిలబెట్టుకున్న మాటకు సున్నా, దాన్ని మింగేసిన ‘ఉంది’కి మార్కులు!

ఈ ప్రామాణికం పైనుంచి ఊడిపడిందా? లేదు. గిడుగు రామమూర్తి పంతులు గ్రాంథికం మీద పోట్లాడి గెలిచినారు. ఆయనకు మొక్కుదాం. లిపి లేని సవరల భాషను నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిన మనిషి ఆయన. చిన్నవాళ్ల మాట విలువ తెలియనివాడు కాదు. అయితే ఆ ఉద్యమం నిలబెట్టింది ‘శిష్ట వ్యావహారికం’. శిష్టులంటే చదువుకున్నవాళ్లు. అప్పటికి చదువు ఎక్కడుంది? ప్రెస్సులు ఎక్కడున్నాయి? ఆనకట్టల కింద పంట పండి, ఆ డబ్బుతో కాలేజీలూ పత్రికలూ పెట్టుకున్న కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో. ఆ జిల్లాల చదువుకున్నవాళ్ల మాటే పత్రికల మాట అయింది, రేడియో మాట అయింది, పాఠ్యపుస్తకం అయింది. లండన్ మాట ఇంగ్లీషు అయిందీ, ప్యారిస్ మాట ఫ్రెంచి అయిందీ ఈ దారిలోనే. నీళ్లు ఎక్కడ పారితే భాష అక్కడ పచ్చబడింది.

భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు నేలను మాటను బట్టి నాలుగు మండలాలు చేసి చూపించినారు. మనది దక్షిణ మండలం. 1962లో సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం మొత్తం వ్యవసాయం మాటలే. ఒక పనిముట్టుకు జిల్లాకో పేరు, పేరుకో పని. మన మడక, మన గుంటక, మన గొర్రు పండితులకు లెక్కకొచ్చినాయి. పత్రికాఫీసులకు, సెక్రటేరియట్‌కు మాత్రం ఇంకా రాలేదు.

కానీ అవసరం పడితే మనం గుర్తుకొస్తాం. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. తెలుగు ఎంత పాతదో చెప్పాల్సి వచ్చినప్పుడు ఎక్కడికి పరుగెత్తినారు? కడప జిల్లాకు! కలమళ్ల, ఎర్రగుడిపాడు. రేనాటి చోళుల శాసనాలు. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో తెలుగును రాతికెక్కించింది ఈ నేల మీద. భాషకు వయసు కావాలంటే సీమ రాయి. సినిమాలో రౌడీ నోట్లోకి మాట కావాలంటే సీమ యాస. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడినాక ఎన్నేళ్లపాటు ఎన్ని సినిమాలు మన మాటకు వేటకొడవలి కట్టినాయో లెక్కపెట్టండి. ‘యాడికి పోతాండావప్పా’ అని మా అమ్మ పలకరించే మాట, హైదరాబాదు హాస్టల్లో నేనంటే పక్క గదివాడు బాంబులు ఎక్కడ పెట్టుకున్నావని అడిగినాడు. వాడు సరదాకే అన్నాడు. ఆ ఏడాదంతా నేను నోరు దిద్దుకున్నాను.

అర్థాన్ని దొంగిలించే ఇంకో పద్ధతి ఉంది, అది వ్యాకరణంలోనే దాక్కుంటుంది. ఉద్యోగి అన్నలారా, మీకు రోజూ కనపడేదే. “నీరు విడుదల చేయబడును.” “పరిహారం చెల్లించబడును.” ఏ ఊర్లోనైనా, ఏ జిల్లాలోనైనా, మనిషి అన్నవాడు ఇట్లా మాట్లాడతాడా? ‘నీళ్లు ఇడుస్తాము’ అంటాడు. ఇడిచేదెవరో ఆ ‘ము’లో ఉంది. రేపు ఇడవకపోతే గల్లా పట్టుకునేకి వీలుంది. ‘బడు’ చేర్చగానే కర్త మాయం. తుంగభద్ర ఎగువ కాలువ కింద చివరి భూముల రైతుకు ఏళ్ల తరబడి అందింది నీళ్లు కాదు, ‘బడును’లు.

మన పేరే ఒకప్పుడు ఇట్లాంటి పేరు. 1800లో నిజాం కంపెనీ సైన్యం ఖర్చు కింద మనల్ని కంపెనీకి రాసిచ్చినాడు. అప్పటినుంచి ‘దత్త మండలాలు’. దత్త అంటే ఇవ్వబడినది. ఎవరో ఇచ్చినారు, ఎవరో తీసుకున్నారు. ఈ నేల మీద ఉన్నవాళ్లను ఎవరూ అడగలేదు. 128 ఏళ్లు ఆ పేరు మోసినాం. 1928 నవంబరులో నంద్యాల ఆంధ్ర మహాసభలో దాన్ని తీసి ‘రాయలసీమ’ అన్నారు. ఆ పేరు ప్రతిపాదించింది చిలుకూరి నారాయణరావు. చాలాకాలం ఆ ఘనతను గాడిచర్లకు కట్టబెట్టినారు గానీ ఆధారాలు చిలుకూరినే చూపిస్తున్నాయి. ఎవరీ చిలుకూరి? మన అనంతపురం దత్త మండల కాలేజీలో పంతులు. ‘ఆంధ్ర భాషా చరిత్రము’ రాసిన భాషావేత్త. తెలుగు ప్రాకృతం నుంచి పుట్టిందన్న ఆయన వాదం నిలబడలేదు. ఆయన పెట్టిన పేరు నిలబడింది. పైగా ఆయన ఇక్కడివాడు కాదు, ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాడు. బయటివాళ్లందరూ ఒకటే అని మనలో కొందరు అంటుంటారు, అందుకే ఇది చెబుతున్నాను. మాట విలువ తెలిసినవాడు ఎక్కడివాడైనా మనవాడే.

‘మనవాడు’ అన్నాను. ‘మావాడు’ అనలేదు. ఇక్కడ కొంచెం ఆగండి.

తెలుగులో ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. ఎదుటివాణ్ని కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. ఇంగ్లీషులో ఈ తేడా లేదు, అంతా ‘వి’. హిందీలో అంతా ‘హమ్’. సరిహద్దు దాటి పావగడ పోతే కన్నడంలోనూ రెండింటికీ ‘నావు’ ఒక్కటే. తమిళానికి ఉంది, మనకుంది. మన వ్యాకరణం మనకిచ్చిన కంచె ఇది, తలుపు కూడా ఇదే. పెళ్లికి పిలిచేవాడు ‘మనింట్లో పెళ్లి’ అంటే రమ్మని. ‘మా ఇంట్లో పెళ్లి’ అంటే కబురు మాత్రమే.

ఈ రెండు మాటలతో మన చరిత్ర చదవండి. 1937 నవంబరు 16, శ్రీబాగ్. అప్పుడు ‘మనం’. మనం తెలుగువాళ్లం, మనకొక రాష్ట్రం కావాలి, మీరు లేకపోతే రాదు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం. పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, నీటి పథకాల్లో సీమకూ నెల్లూరుకూ మొదటి చోటు. రాజధాని, హైకోర్టు చెరో ప్రాంతంలో, ఏది కావాలో కోరుకునేది సీమ. 1953లో కర్నూలు రాజధాని అయింది. 1956లో అది హైదరాబాదుకు పోయింది. 2014లో రాష్ట్రం విడిపోయినాక రాజధాని అమరావతి. 2019లో హైకోర్టూ అక్కడే మొదలైంది. ఒక ప్రభుత్వం 2020లో కర్నూలుకు ‘న్యాయ రాజధాని’ అని పేరు పెట్టి చట్టం చేసింది, 2021లో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకుంది. మాట మిగిలింది, అది చూపించే వస్తువు రాలేదు. అడిగేటప్పుడు మనం, పంచేటప్పుడు మేము. ‘మన తెలుగుజాతి’ అని మైకులో అన్నవాళ్లే ‘మా డెల్టా’, ‘మా ఆయకట్టు’ అంటారు. తప్పు పట్టలేం, వ్యాకరణం ప్రకారం సరిగ్గానే మాట్లాడుతున్నారు. మనమే వినలేదు.

తెలంగాణ తమ్ముళ్లు విన్నారు. తమ మాటను ఎగతాళి చేసినవాళ్ల మీదికి ఆ మాటతోనే పాట కట్టినారు. రాష్ట్రం వచ్చినాక 2014 నుంచి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తమ భాషా దినంగా చేసుకుంటున్నారు. మనం? మన సభల్లో మన నాయకులు ఇంట్లో సీమ మాట, వేదికెక్కితే పేపరు మాట. ఇదే పేజీలో నేను రాస్తున్నది ఏ తెలుగు? ‘వచ్చినాడు’ అని ధైర్యంగా రాసినాను గానీ ‘ఉండాది’ అని రాసేకి చెయ్యి రాలేదు. ఆరో తరగతి సున్నా ఇంకా చేతిలోనే ఉంది. మన మాటలో రాసి గెలిచినవాళ్లు లేరా? చిత్తూరు దిక్కున నామిని, మన జిల్లాలో సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి. స్వామి ‘శప్తభూమి’ నవలకు 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. కథలో చెల్లిన మాట కలెక్టరాఫీసులో ఎందుకు చెల్లదు?

కాబట్టి విద్యార్థి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సెలవులకు ఊరికి పోతారు గదా. చేతిలో సెల్‌ఫోను ఉంది. అవ్వను, తాతను కూర్చోబెట్టి వానకు ఎన్ని పేర్లు, మన్నుకు ఎన్ని పేర్లు, కరువుకు ఎన్ని పేర్లు అడిగి రికార్డు చేసుకోండి. ధాత కరువు పేరు వాళ్ల తాతలు చెప్పుంటారు, 1876లో మొదలైన కరువు అది. మడకలు పోయి ట్రాక్టర్లు వచ్చినాయి. ఇంకో పదేళ్లకు ఆ మాటలు అడిగేకి మనుషులుండరు.

వ్యవసాయ శాఖలో, రెవెన్యూలో పనిచేసే అన్నలారా, అక్కలారా, మీకొక్కటే విన్నపం. ఈసారి చేలు చూసేకి పోయినప్పుడు రైతు చెప్పిన మాటను తెలుగులోంచి తెలుగులోకి అనువాదం చేయకండి. ఫారంలో గడి లేకపోతే పక్కన ఖాళీలో చేత్తో రాయండి: వాన పడింది, పదును కాలేదు. కింద మీ సంతకం పెట్టండి. పైఆఫీసువాడు అర్థం కాలేదని తిరగ్గొడితే, ఆ కాగితం నకలు ఒకటి మాకు పంపండి.