దంపతులు కలిసి వినవలసిన మాట

రిపోర్టులను సంచిలో దాచుకొని భర్త ఒక్కరే వచ్చి, "పేరు చెప్పకుండా ఏదైనా మందివ్వండి, ఆమె తట్టుకోలేదు" అని ప్రాధేయపడడం మా వైద్యులకు తరచుగా ఎదురయ్యే సంగతి. క్యాన్సరు అన్న మాట రోగి చెవిన పడనీయకపోవడమే ప్రేమ అని అనేకులు భావిస్తున్నారు. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించను.

చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడ్డాయి: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. నిర్భయత్వం, తన బాధను దాచక తెలియజెప్పగలగడం రోగికి ఉండవలసిన గుణాలు. తన రోగమేదో ఎరుగనివారికి ఈ రెండూ ఎలా అలవడతాయి? పరిచారకునికి అనురాగంతో పాటు ఉపచార జ్ఞానం, దక్షత, శుచిత్వం కూడా విధించబడ్డాయి. కన్నీరు కార్చినంతమాత్రాన సేవ పూర్తి కాదని దీని భావం.

కొన్నేండ్ల క్రితం రొమ్ము క్యాన్సరు వచ్చిన ఒక గృహిణికి ఆమె భర్త నా సలహాపై స్వయంగా విషయం చెప్పారు. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే ఆపరేషను ఎప్పుడండీ?" అని అడిగారట. ఆనాటి నుండి డాక్టరు మాటను ఇద్దరూ కలిసే విన్నారు. ప్రతి మందును, ప్రతి తేదీని ఆయన నోటుపుస్తకంలో వ్రాసుకున్నారు. కీమోథెరపీ రోజులలో థర్మామీటరు ఆయన జేబులోనే ఉండేది. ఆ సమయంలో జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీటుకు చేరితే కషాయం కాచుతూ కూర్చోరాదు. తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. తెల్ల రక్తకణాలు తగ్గినపుడు ఇన్ఫెక్షను ప్రాణాంతకం కాగలదు.

"ఆయుర్వేదంతోనే నయం చేయండి" అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే. అర్బుదాన్ని వర్ణించిన సుశ్రుతాచార్యులే దానికి శస్త్రకర్మను కూడా విధించారు. డాక్టరు నిర్ణయించిన చికిత్సను మాని ఆకుపసరులను నమ్ముకోవడం శాస్త్రసమ్మతం కాదు. ఆ డాక్టరుకు తెలియకుండా చూర్ణాలు, లేహ్యాలు, భస్మాలు సైతం వాడరాదు. కొన్ని ఆ మందుల పనికి అడ్డు తగులుతాయి. మన వంటింటి వంతు వేరే ఉంది: పలుచని గంజి, పెసరకట్టు, మెత్తని అన్నం, కాచి చల్లార్చిన నీరు, కొద్దికొద్దిగా పలుమార్లు.

తొలిదశలో గుర్తించిన రొమ్ము క్యాన్సరు నేడు చాలామందిలో నయమవుతున్నది. పూర్తిగా నయం కాని దశలో కూడా నొప్పిని తగ్గించే చికిత్స ఉన్నది. కనుక ఆశకు ఆధారం లేకపోలేదు. అయితే "ఏమీ కాదులే" అన్న మభ్యపెట్టే మాటలతో అది నిలువదు. సప్తపది కలిసి నడిచిన దంపతులు ఆసుపత్రి మెట్లు కూడా కలిసే ఎక్కాలి. రోగి వినదలచినంత మేరకు, మెల్లగా, నిజమే చెప్పండి. తరువాత చేయవలసిన పనిని ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.