మలుపునందు మేనిపొందిక

ఈ మాసము ద్విచక్రవాహనముపై వెనుక గూర్చుండు స్త్రీని గూర్చి వ్రాయదలచితిమి. ఏ.ఎస్. రావు నగరమున ఏ పూట చూచినను, స్కూటరుపై ఒకప్రక్కకు గూర్చుండి, ఒడిలో కూరల సంచి పెట్టుకొని పోవు గృహిణులు కానవత్తురు. ఈ పేట 1967లో ఈ.సీ.ఐ.ఎల్. సంస్థను నెలకొల్పిన అయ్యగారి సాంబశివరావుగారి పేర వెలసినది. శాస్త్రజ్ఞుని పేరుగల వీథులలో కొంచెము భౌతికశాస్త్రము ముచ్చటించుట తగునని మా తలపు.

ప్రతి వస్తువునకును బరువంతయు ఒకచోట గుదిగూడినట్లు వర్తించు స్థానమొకటి కలదు. దానిని గరిమనాభి యందురు. బండి తిన్నగా బోవునపుడు అది చక్రములు నేలనానుచోటికి సరిగా మీద నుండవలయును. మలుపునందును అట్లే యుండెనా, బండి వెలుపలికి పడును. కావున నడుపువారు బండిని లోపలికి వంతురు. 10 మీటర్ల వ్యాసార్ధముగల మలుపును గంటకు 20 కిలోమీటర్ల వేగమున దిరుగుటకు సుమారు 17 డిగ్రీల వంపు చాలును. 30 కిలోమీటర్లయినచో 35 డిగ్రీలు కావలయును. వేగము సగము హెచ్చగా వంపు రెట్టింపయినది! ఇసుక రాలిన త్రోవలో అంతటి వంపునకు చక్రములు నిలువక జారును.

ఇక వెనుక గూర్చున్నవారి మాట. బండి వంగగనే మనకు గుండె ఝల్లుమనును. తెలియకయే మేనిని వెలుపలికి లాగుకొందుము. అపుడు ఇరువురి ఉమ్మడి గరిమనాభియు వెలుపలికి జరుగును. నడుపువారు బండిని మఱింత వంచవలయును, లేదా మలుపు వెడల్పై ఎదుటి బండ్ల త్రోవలోనికి బోవలయును. గుల్మార్గు మంచుకొండలపై పాదములకు పలకలు గట్టుకొని జారుట నేర్చువారును ఇట్లే వెఱచి కొండవైపున కొరిగి, పలకల పట్టు దప్పి పడుదురు. భయము చెప్పిన దిక్కు నమ్మదగినది కాదు.

ఒకప్రక్కకు గూర్చుండుటలో మఱియొక చిక్కు కలదు. కాళ్లును సంచియు ఎడమవైపున వ్రేలాడుటచే, తిన్నని త్రోవలో సైతము బండిని కొంచెము కుడికి వంచియే నడుపవలయును. వీలున్నచో చుడీదారు ధరించి ఇరువైపుల కాళ్లు వేసి కూర్చుండుటయే మేలు. చీర గట్టినపుడు నడుపువారికి చేరువగా గూర్చుండి, పట్టుకడ్డీని బట్టుకొని, మలుపున వారి భుజముతోపాటు మీ భుజమును వంగనిండు. కొంగు నడుమునకు జెక్కుకొనుడు. సంచిని ఇరువురి నడుమ నుంచుడు. శిరస్త్రాణము మీకును ఉండవలయును.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వది వెనుక గూర్చుండువారికై పట్టుకడ్డీయు, పాదపీఠమును, వస్త్రములు చుట్టుకొనకుండ వెనుకచక్రమును సగమైనను గప్పు కాపును ఉండవలెనని విధించినది. అందము చెడునని ఆ కాపును ఊడదీయించు కుఱ్ఱవాండ్రు కొందఱు కలరు. మీ యింట అట్టివాడున్నచో, బండి యెక్కకమునుపే దానిని మరల బిగింపించుడు.