మొసలిని వెనక నుంచి చూశారా?

ఒకసారి ఫోన్‌లో 'ఎత్తిపోతల' అని కొట్టి చూడండి. ముందు పంపులు, పైపులు, శంకుస్థాపనలు వస్తాయి. నీళ్లని కింది నుంచి పైకి ఎత్తిపోసే పథకాలన్నీ అయిపోయాక ఎక్కడో మా పల్నాడు జలపాతం కనిపిస్తుంది. పాపం, అది చేసేది సరిగ్గా రివర్స్ పని. డెబ్బై అడుగుల పైనుంచి చంద్రవంక వాగు నీళ్లని కిందకి పారబోస్తుంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నేనక్కడ నాలుగు గంటలు కూర్చున్నాను. జలపాతం కోసం కాదు, మొసళ్ల కోసం. అది కూడా సరదాకి కాదు. నేను చేసిన ఒక తప్పు సరిచేసుకోడానికి.

సంక్రాంతికి నేను చేసిన ఘనకార్యం

మా బాబాయ్ కూతురు హైదరాబాద్‌లో యానిమేషన్ డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. మా తరంలో బీటెక్ వైపు వెళ్లని మొదటి మనిషి తనే. కాలేజీలో ఒక పని ఇచ్చారు: మీ ఊరి చుట్టుపక్కల ఉండే ఒక ప్రాణిని తీసుకుని యానిమేషన్ పాత్రగా మార్చాలి. అన్ని వైపుల నుంచీ గీయాలి. ఐదు ముఖకవళికలు, మూడు భంగిమలు.

తను ఎత్తిపోతల మొసలిని ఎంచుకుంది. జలపాతం కింద మడుగులో మొసళ్లుంటాయి, అక్కడ వాటి పెంపకం కేంద్రం ఉంది. మాకవి కొత్త కాదు. "అన్నం తినకపోతే ఎత్తిపోతల మడుగులో పడేస్తా" అనే బెదిరింపు మీద పెరిగిన పిల్లలం.

భోగి రోజు తను అరుగు మీద కూర్చుని గీస్తుంటే నేను పక్కన చేరాను. ఫోన్ తీసి ఒక ఏఐ యాప్‌లో 'చీర కట్టుకున్న ముద్దొచ్చే మొసలి, కార్టూన్ స్టైల్' అని కొట్టాను. అర నిమిషంలో నాలుగు బొమ్మలు. రంగులు, వెలుగు, నీడ, అన్నీ ఉన్నాయి. ఆ ఫోన్ ఇల్లంతా తిప్పాను. పిన్ని నవ్వింది. పిల్లలు ఎగబడ్డారు. చెల్లి ఏమీ అనలేదు. పుస్తకం మూసి లోపలికెళ్లిపోయింది.

బాబాయ్ మాత్రం ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"అర నిమిషమా?"

"అర నిమిషమే బాబాయ్" అన్నాను, ఆ యాప్ నేనే రాసినంత గర్వంగా.

రెండు వారాలకి ఫోన్ వచ్చింది. "ఒరేయ్, నువ్వా లైన్లో ఉన్నావు కాబట్టి అడుగుతున్నా. అర నిమిషంలో అయ్యేదానికి నాలుగేళ్ల చదువెందుకు? జూన్‌లో మూడో ఏడు ఫీజు కట్టాలి. ఈలోపే మానిపించి ఏదన్నా కంప్యూటర్ కోర్సులో వేద్దామా? నువ్వెట్టా అంటే అట్టా."

నువ్వెట్టా అంటే అట్టా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను వేసిన జోకు ఒకరి చదువు దాకా వెళ్లింది. ఆలోచించి చెబుతానని బాబాయ్‌కి చెప్పి, చెల్లికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తను ఒక్కటే అడిగింది. "ఆదివారం బండి మీద ఎత్తిపోతలకి తీసుకెళ్తావా అన్నయ్యా?"

అదే మొసలి కాదు, దాని చుట్టాలు

పొద్దున్నే వెళ్లాం. చలికాలం ఎండకి మొసళ్లు ఒడ్డుకొస్తాయని తన లెక్క. పైన రెయిలింగ్ దగ్గర నుంచి చూస్తే ముందు ఏమీ కనిపించలేదు. కాసేపటికి తను వేలు పెట్టి చూపించింది. నేను ఎండిన దుంగ అనుకున్నది మొసలి.

"నీ యాప్ తియ్యి. ఆ రోజు చేసిన మొసలిని వెనక నుంచి చూపించమను" అంది.

అడిగాను. వచ్చింది. బాగానే ఉంది, కానీ చీర అంచు మారిపోయింది. తోక చీరలోంచి వస్తోందా, పక్కనుంచి వస్తోందా తెలియడం లేదు. పక్క నుంచి చూపించమంటే మూతి పొట్టిదైపోయింది. కూర్చోబెట్టమంటే వేళ్లు పెరిగాయి.

"ఇది అదే మొసలి కాదన్నయ్యా. దాని చుట్టాలు" అంది.

ఇవాళ ఆ యాప్ చెయ్యలేనిది వచ్చే ఏడాది చెయ్యొచ్చు. మా ఫీల్డ్‌లో ఉన్నవాడిగా దాని మీద పందెం కాయను. కానీ తను చెప్పిన పాయింట్ వేరు. యానిమేషన్‌లో పాత్ర అంటే ఒక అందమైన బొమ్మ కాదు. పదిమంది ఆర్టిస్టులు పది టేబుళ్ల దగ్గర గీసినా తెర మీద ఒకే ప్రాణిలా కనిపించాలి. అందుకే ముందు మోడల్ షీట్ తయారు చేస్తారు. ముందు, ముప్పావు, పక్క, వెనక వైపుల నుంచి బొమ్మలు, తల ఎన్ని రెట్లు పెడితే ఒళ్లవుతుందో కొలతలు, కోపం, నవ్వు, భయం వస్తే ముఖంలో ఏది కదులుతుందో వివరాలు, అన్నీ అందులో ఉంటాయి. మా భాషలో చెప్పాలంటే అది స్పెక్. స్పెక్ లేకుండా కోడ్ రాస్తే ఏమవుతుందో మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి వేరే చెప్పాలా?

ఒక్కో పొలుసూ ఎన్నిసార్లు?

తన పుస్తకంలో మొదటి పేజీ మొసలి అద్భుతంగా ఉంది. వీపు మీద పొలుసులన్నీ లెక్కపెట్టి గీసింది. పదో పేజీకి వచ్చేసరికి పొలుసులు సగమయ్యాయి. ముప్పయ్యో పేజీలో వీపు మీద ఏడు గీతలు మిగిలాయి. ఎందుకు తీసేశావంటే లెక్క చెప్పింది.

సినిమా సెకనుకి 24 ఫ్రేములు. చేత్తో గీసే యానిమేషన్‌లో చాలాసార్లు ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు ఉంచుతారు. అంటే సెకనుకి 12 బొమ్మలు, నిమిషానికి 720. వీపు మీద వంద పొలుసులుంటే ఒక్క నిమిషం మొసలి నడకకి 72 వేల పొలుసులు గీయాలి. ఏడు గీతలైతే 5,040. త్రీడీలో ప్రతి ఫ్రేమూ గీయక్కర్లేదు కానీ, మోడల్ లోపల ఎముకల గూడు పెట్టి, ఏది వంగితే ఏ చర్మం ముడతపడాలో ముందే చెప్పాలి. ఎట్లా చూసినా అనవసరమైన ప్రతి గీతకీ ఎవరో ఒకరు కష్టంతో బిల్లు కట్టాల్సిందే.

"మరి ఏ గీత ఉంచాలో ఎలా తెలుస్తుంది?"

"నల్లరంగు పూసెయ్యాలి. అప్పుడు కూడా ఎవరో తెలిస్తే పాస్."

అక్కడ నాకు బల్బు వెలిగింది. మిక్కీ మౌస్‌ని రెండు చెవుల నీడతోనే గుర్తుపడతాం. దాకా ఎందుకు, మనకి చందమామ లేదా? శంకర్ గారు గీసిన విక్రమార్కుడి బొమ్మకి నల్లరంగు పూయండి. చేతిలో కత్తి, భుజాన శవం. ఇంకే మనిషితోనూ పొరపడం. ఆయన 2020లో పోయారు, ఆ నీడ పోలేదు.

అంతకన్నా ముందు మన తోలుబొమ్మలాట మొత్తం తెర మీద నీడల వ్యవహారమే. మేక తోలుని పల్చగా చేసి, రంగులద్ది, నగల కోసం సన్నటి చిల్లులు కొడతారు. వెనక దీపం వెలిగితే ఆ చిల్లులే ముత్యాలవుతాయి. తెర ఆ చివర కూర్చున్నవాడికి కూడా రావణుడెవరో, జుట్టుపోలిగాడెవరో, బంగారక్క ఎవరో వెంటనే తెలియాలి. నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ పని చేస్తున్న కుటుంబాలున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. క్యారెక్టర్ డిజైన్ అనే మాట మనకి కొత్త కావచ్చు, పని కొత్తది కాదు.

నోరు తెరిచింది కోపంతో కాదు

అసలు చిక్కు ఇక్కడే. మొసలికి నల్లరంగు పూస్తే దుంగ అవుతుంది. కనుబొమ్మలు లేవు, బుగ్గలు లేవు. మనుషులకి కోపమొచ్చినా నవ్వొచ్చినా కదిలేవేవీ దానికి లేవు. మరి ఐదు ముఖకవళికలు ఎక్కడి నుంచి తేవాలి? సులువైన దారి ఒకటుంది. కుక్క ముఖానికి మొసలి తోలు కప్పెయ్యడం. చెల్లికి ఆ దారి ఇష్టం లేదు. అందుకే నాలుగు గంటలు కూర్చున్నాం.

పదిన్నరకి ఒడ్డు మీది మొసలి నోరు బార్లా తెరిచింది. పక్కన నిలబడ్డ పిల్లాడు కెవ్వుమన్నాడు. అది మాత్రం అలా తెరిచి కదలకుండా పడుకుంది. ఒంట్లో వేడి తగ్గించుకోడానికి మొసళ్లు అలా నోరు తెరుచుకుని ఉంటాయట. మేం భయపడుతున్నాం, అది చల్లబడుతోంది.

తర్వాత తను ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. తల్లి మొసలి ఇసకలోంచి గుడ్లు పగిలిన పిల్లల్ని నోట్లో పెట్టుకుని నీళ్ల దగ్గరికి మోసుకెళ్తోంది. అవే పళ్లు, అవే దవడలు. పిల్లల మీద గాటు కూడా పడదు.

"మన కథల్లో మొసలి ఎప్పుడూ విలనే అన్నయ్యా. గజేంద్రమోక్షంలో కాలు పట్టుకుంటుంది. పంచతంత్రంలో కోతి గుండె అడుగుతుంది. ఏడిస్తే మొసలి కన్నీరంటారు. ఒక్కళ్లయినా దాన్ని అమ్మగా గీశారా? నాకా నోరు కావాలి. చూడగానే భయమెయ్యాలి, రెండో నిమిషంలో అదే నోరు ఉయ్యాలలా కనిపించాలి."

నా ప్రాంప్ట్‌లో నేను రాసింది 'ముద్దొచ్చే'. నా దగ్గర మాట ఉంది, చూసిన విషయం లేదు. తను మాట కోసం కాదు, చూసిన దాని కోసం వెతుకుతోంది. మా ఇద్దరి మధ్య తేడా అర్థం కావడానికి నాకు నాలుగు గంటలు, నూట ఇరవై రూపాయల పెట్రోలు పట్టింది.

బాబాయ్‌కి చెప్పింది

ఆ సాయంత్రమే బాబాయ్‌కి ఫోన్ చేశాను. గొప్పలు చెప్పలేదు. మొదటి జీతం నా మొదటి జీతమంత ఉండకపోవచ్చన్నాను. ఏఐ వల్ల కొన్ని పనులు తగ్గుతాయి, ఆ భయం నా ఉద్యోగానికి కూడా ఉంది, కంప్యూటర్ కోర్సులో వేసినంత మాత్రాన అది తప్పదు అన్నాను. 2008 నుంచి పిల్లలు చూస్తున్న ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్ స్టూడియోలోనే అని, 2006లో వచ్చిన మన తెలుగు యానిమేషన్ సినిమా 'కిట్టు'కి జాతీయ అవార్డు వచ్చిందని చెప్పాను. లాత్వియా అనే చిన్న దేశం నుంచి 'ఫ్లో' అనే సినిమా వచ్చి 2025లో ఆస్కార్ కొట్టిందని, అందులో ఒక్క మాట కూడా లేదని, జంతువులు జంతువుల్లాగే ఉంటాయని, దాన్ని బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేశారని చెప్పాను. ఆ సాఫ్ట్‌వేర్ చెల్లి లాప్‌టాప్‌లో కూడా ఉంది.

చివరగా, సంక్రాంతికి నేను చూపించింది బొమ్మే కానీ పని కాదు, అది నా తప్పు అని చెప్పాను.

బాబాయ్ "సరే, చూద్దాంలే" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకి అవునని, కాదని రెండు అర్థాలూ ఉన్నాయి.

ఉగాదికి చెల్లి షీట్ పూర్తి చేసి తెచ్చింది. చీర లేదు, బొట్టు లేదు, ఏడు గీతల మొసలి. ముందు, పక్క, వెనక. మూడో భంగిమలో అది పిల్లని పళ్ల మధ్య పట్టుకుని, మెడ కాస్త పక్కకి వంచి, బరువెత్తబోతూ ఒక కాలు ముందుకేసి ఉంది. నాకు బాగుందనిపించింది, అంతకుమించి తట్టలేదు.

బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని ఆ మూడో బొమ్మ దగ్గర ఆగిపోయాడు.

"ఇది మా అమ్మ కదమ్మా" అన్నాడు.

నాయనమ్మ పోయి మూడేళ్లయింది. కల్లంలో మిరపకాయల టిక్కీ ఎత్తే ముందు పైటచెంగు పళ్ల మధ్య బిగించి, మెడ పక్కకి వంచి, ఒక కాలు ముందుకేసేది. నేనూ చూశాను, వందసార్లు. నాకు గుర్తు రాలేదు. చెల్లి చెయ్యి మర్చిపోలేదు.

ఫీజు సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. కానీ వెళ్లేటప్పుడు బాబాయ్ ఆ షీట్‌ని ఫొటో తీసుకున్నాడు. అడిగితే, "ఏం లేదురా, ఊరికే" అన్నాడు.

మీలో ఎవరైనా ఇదే చదువులో ఉంటే చెల్లి మాటగా మూడు విషయాలు. ఒకటి, మీ పోర్ట్‌ఫోలియోలో ఫైనల్ బొమ్మ ఒక్కటే పెట్టకండి, దాని ముందు కొట్టేసిన ముప్పై బొమ్మలు కూడా చూపించండి. రెండు, వెనక వైపు గీయని పాత్ర ఇంకా పుట్టలేదని గుర్తుపెట్టుకోండి. మూడు, గీసే ముందు వెళ్లి చూడండి, ఫోన్‌లో కాదు.

మీ ఇంట్లో అలా గీసేవాళ్లుంటే నా మాటగా ఒక్కటే. వాళ్ల పక్కన కూర్చుని ఫోన్ తియ్యకండి.